పరామర్శకు బొండాలు తేకండి

మా తమ్ముణ్ణి చూడడానికి వస్తే రండి. కూర్చోండి, మాట్లాడండి, మా మరదలు టీ పెడుతుంది, తాగి వెళ్ళండి. కొబ్బరి బొండాలు మాత్రం తేకండి. తెస్తే గుమ్మం దాటనివ్వను. ఈ మాట నోటితో చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందుకని రాస్తున్నాను.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. వయసులో ఉన్నప్పుడు పలాసలో జీడిపిక్కల కార్ఖానాకు వెళ్ళేదాన్ని. పిక్క కొడితే లోపలి రసం చేతులకు అంటుతుంది, అంటిన చోట తోలు నల్లగా కాలి ఊడుతుంది. ఆ వేళ్ళతోనే, పని మానేశాక, మా ఊళ్ళో సాయంకాలం బడిలో పలక పట్టాను. ఇప్పుడు మందుల చీటీ మీద డాక్టరు రాసింది తప్ప ఏదైనా చదువుతాను. అది చదవలేకపోవడం నా తప్పు కాదు.

ఇది రాయమన్నది మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ. టెక్కలి పక్క నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. ఆవిడ డాక్టరు కాదు. డాక్టరు మా ఊరికి వచ్చే రోజులు తక్కువ, ఆయన రాని రోజులన్నీ ఆవిడవే. బీపీ చూసేదీ, షుగరు చూసేదీ, కడుపుతో ఉన్నవాళ్ళను చూసేదీ, జ్వరానికి బిళ్ళలిచ్చేదీ, ఎవరిని ఇంటికి పంపాలో ఎవరిని పలాస పెద్దాసుపత్రికి పంపాలో తేల్చేదీ ఆవిడే. ఇప్పుడు ఆ పని నేర్చుకోవడానికి కొత్త పిల్లలు ఆవిడ దగ్గరికి వస్తున్నారు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో జరిగింది వాళ్ళ కోసం రాసివ్వవా? వాళ్ళు చదువుకున్న దాంట్లో అది లేదు" అంది.

"రాత్తాను. నిన్ను కూడా తిడతాను అందులో" అన్నాను.

"తిట్టు" అంది.

కాబట్టి తిడుతున్నాను. ఒక్క ఆవిడనే కాదు.

*

ముందు మా బొండాల సంగతి చెప్పాలి. పలాస బజారు వాళ్ళు జబ్బు మనిషిని చూడడానికి వెళ్తే రొట్టె, బత్తాయిలు పట్టుకెళ్తారు. మా ఉద్దానంలో బొండాలు పట్టుకెళ్తాం. ఎవరింటి చుట్టూ చూసినా కొబ్బరిచెట్లే, అయినా సరే, చెట్లున్న ఇంటికే చెట్టుకాయలు మోసుకెళ్తాం. ఒడ్డున వలలేసుకునే వాళ్ళకు తోటలుండవు, వాళ్ళు కూడా దారిలో కొనుక్కుని మరీ వస్తారు. తెచ్చి మూల పడేసి పోవడం కాదు. తెచ్చినవాడే తన చేత్తో కత్తి పట్టుకుని కొట్టాలి. రోగి చేతిలో పెట్టాలి. ఆఖరి గుటక దాకా ఎదురుగా నిలబడి చూడాలి. అప్పుడే "ఎలగుంది?" అని అడగాలి. తాగకపోతే తెచ్చినవాడి మొహం మాడిపోతుంది. ఏడాది తర్వాత ఏదో పెళ్ళిలో కలిసినా "మా బొండాం మీకు సేదయిపోనాది కదూ" అని పొడుస్తాడు.

ఈ మర్యాద మా పెద్దలు పెట్టింది. వాళ్ళ కాలంలో జ్వరాలుండేవి, వాంతులు విరేచనాలుండేవి. ఒంట్లో నీరు పోయిన మనిషికి బొండాం తాగిస్తే లేచి కూర్చునేవాడు. నేను కళ్ళారా చూశాను. అప్పటికి అది మంచి మర్యాదే. ఇప్పుడు మా మీద పడింది జ్వరాలు కాదు. కిడ్నీలు. జబ్బు మారింది, మేం మర్యాద మార్చలేదు.

మా పక్క ఇద్దరు కలిస్తే "బాగున్నావా" అనరు. "నీకెంతొచ్చింది" అంటారు. రక్తపరీక్షలో క్రియాటిన్ ఎంతొచ్చింది అని. బడి మెట్టు ఎక్కనివాడికి కూడా ఆ మాట తెలుసు. పెరిగితే కిడ్నీ పాడవుతున్నట్టు. ఎందుకు పాడవుతోందో మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. నీళ్ళన్నారు, మట్టన్నారు, ఎండలో పనన్నారు. జీపుల్లో వచ్చి మా రక్తం, మా ఉచ్చ, మా నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. పట్టుకుపోయిన మనుషుల్లో ఒక్కడైనా తిరిగొచ్చి, మా అరుగు మీద కూర్చుని, "అమ్మా, మీ రక్తంలో ఇది ఉంది" అని చెప్పాడా? మొహం మీద కెమెరా పెట్టి "ఎలా ఫీలవుతున్నారు" అని అడిగినవాళ్ళున్నారు. ఒకడికి చెప్పాను, నీ మొహంలాగ అని.

సరే, అది వేరే కోపం. దానికి వేరే కాగితం కావాలి.

*

మా తమ్ముడు దింపు మనిషి. చెట్టెక్కి కాయ దించే పని. తన చెట్లే కాకుండా ఊళ్ళో వాళ్ళవి కూడా దించేవాడు. చెట్టు మీద ఉంటే కిందనున్న వాళ్ళందరినీ పేరుపెట్టి ఎగతాళి చేసేవాడు. పెళ్ళై మనవలున్న మనిషి. వాడికి పాదాలు పొంగడం మొదలైంది. పలాసలో రక్తం చూపిస్తే అంకె చాలా పైన ఉంది. రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషను మీద పెట్టే దాకా ఇంకా రాలేదు, జాగ్రత్తగా ఉంటే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు అన్నారు. ఆ కొన్నాళ్ళే మా ఇంటికి కావలసింది. వాడు కొన్నాళ్ళు మిషను జోలికి పోకుండా ఉంటాడా, లేదా? మా ఇంట్లో అందరం ఆ ఒక్క సంగతి పట్టుకుని తింటున్నాం, పడుకుంటున్నాం.

వాడితో నేనూ వెళ్ళాను. డాక్టరు మంచి మనిషే. బీపీకి బిళ్ళలు రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, ఊరగాయ వద్దన్నాడు, ఎండుచేప వద్దన్నాడు. "పళ్ళు, పళ్ళరసాలు కూడా మానెయ్యండి" అన్నాడు. బయట జనం గోడ దాకా నిలబడి ఉన్నారు. ఆ మాట అంటూనే పక్క మనిషి చీటీ తీసుకున్నాడు.

మేం ఇంటికొచ్చి తు.చ. తప్పకుండా చేశాం. అరటిపండు మాన్పించాం. సపోటా మాన్పించాం. పనస కోసిన రోజు వాణ్ణి పొలం పంపించేశాం, వాసన తగలకూడదని. జీడిమామిడి పండు చేతిలో పట్టుకుంటే మా మరదలు లాక్కుంది. ఎంత బుద్ధిమంతులమో అనుకున్నాం. బొండాం ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? ఉద్దానంలో బొండాం పండు కాదు, రసం కాదు. నీళ్ళు. దాహమేస్తే తాగేవి. ఉద్దానం మనిషికి పళ్ళరసాలు మానమని చెప్పి బొండాం సంగతి చెప్పకపోవడమంటే, వలలోడికి ఏట్లో దిగొద్దని చెప్పి సముద్రం సంగతి చెప్పకపోవడమే.

తర్వాత ఎండలొచ్చాయి.

ఆరోగ్య కేంద్రం గోడకు ఒక చార్టు కట్టి ఉంది. ఎండ దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలి అని బొమ్మలతో. గొడుగు బొమ్మ, మజ్జిగ గ్లాసు బొమ్మ, పక్కనే బొండాం బొమ్మ, దాంట్లో గొట్టం. నర్సమ్మ ఆ రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ ఆ చార్టు చూపించేది. కడుపుతో ఉన్న పిల్లకు చెప్పింది, పసిదాన్ని ఎత్తుకొచ్చిన తల్లికి చెప్పింది, పొలం నుంచి తలనొప్పితో వచ్చినవాడికి చెప్పింది. మా తమ్ముడు బీపీ చూపించుకోవడానికి వెళ్ళాడు. బీపీ చూసింది, బిళ్ళలు వేసుకుంటున్నావా అని అడిగింది. చివరికి అదే నోటితో అదే మాట.

"ఎండలు బాగా ఉన్నాయి మావయ్యా. నీళ్ళు బాగా తాగండి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు తీసుకోండి."

వాడు పెళ్ళికొడుకులాగ ఇంటికొచ్చాడు. మా పక్క అక్కను అప్ప అంటాం. "అప్పా, ఇక మీ పెత్తనం సెల్లదు. నర్సమ్మ సెప్పీసింది. కొబ్బరినీళ్ళు తాగమంది."

అన్నీ మాన్పించేసిన మనిషికి ఒకటి తాగమన్నారంటే ఎంత సంబరం! ఆ సంబరం చూసి మేమూ సంబరపడ్డాం. అప్పటి దాకా దాహానికి ఎప్పుడో ఒకటి తాగేవాడు. ఆ రోజు నుంచి మందులాగ తాగాడు.

*

కొన్నాళ్ళకు కాళ్ళు లాగడం మొదలైంది. తర్వాత బరువెక్కాయి. "ఎవులో ఇసక మూటలు కట్టీసినట్టుందప్పా" అనేవాడు. మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకునేవాడు. చెట్టెక్కే మనిషి గడప ఎక్కలేకపోతున్నాడని ఊళ్ళో తెలిసింది. ఇక పరామర్శలు.

జలంత్రకోట నుంచి మా మరదలి అన్న వచ్చాడు. ఆటోలో వచ్చాడు, ఆటో నిండా గెలలే. వాడూ నేనూ ఎప్పుడూ పోట్లాడుకునే వరసే. నన్ను వదినా అంటాడు. మీసాలు తెల్లబడ్డా నోరు తెల్లబడలేదు. వస్తూనే కత్తి తీశాడు.

"ఏటి బావా, కోడిపిల్ల నాగ ముడుసుకుపోనావు? ఇది నీరసం. ఒంట్లో నీరు సచ్చిపోనాది. తాగు."

"ఇందాకే తాగినాను బావా."

"ఎవులిదో తాగితే మాదానికి లెక్కేటి? ఇది మా నూతికాడ సెట్టుది. పంచదార అక్కర్నేదు. తాగు."

వాడు తాగాడు. తాగకపోతే ఊరుకుంటారా? మర్నాడు కాళ్ళు ఇంకా బరువెక్కాయి. కాళ్ళు బరువెక్కాయి కాబట్టి నీరసమన్నారు. నీరసం కాబట్టి ఇంకోటి తాగించారు. ఇంకోటి తాగాడు కాబట్టి ఇంకా బరువెక్కాయి. వచ్చినవాడు తాగించి పోతున్నాడు, వచ్చిన ప్రతివాడూ "నిన్నటికన్నా డీలా పడ్డాడు" అంటున్నాడు, అని ఇంకోటి కొడుతున్నాడు. ఒక్కడంటే ఒక్కడు, "ఇన్ని తాగినా ఈడు లేవడేటి?" అని అడగలేదు. దేవుడికి మొక్కినవాళ్ళున్నారు. రావివలస వెళ్ళి మల్లన్నకు దణ్ణం పెట్టుకొస్తానని ఒకావిడ వెళ్ళింది, వస్తూ వస్తూ దారిలో బొండాలు తెచ్చింది.

వాడు బీపీ చూపించుకోవడానికి రాలేదని నర్సమ్మే ఇంటికొచ్చింది. వాకిట్లో మళ్ళీ వచ్చిన జలంత్రకోట ఆటో అడ్డంగా ఉంటే పెరటి దారిన వచ్చింది. అలా రావడమే మా అదృష్టం. మా పెరట్లో కొట్టిన డొప్పలు గుట్టగా పడి ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి. ఆవిడ అక్కడే ఆగిపోయింది.

"ఇవన్నీ ఎవరు తాగారు?"

"ఇంకెవులు, మా ఆయనే" అంది మా మరదలు, గొప్పగా. "నువ్వు సెప్పినావు కదా నర్సమ్మా. ఒక్కటి కూడా ఒగ్గకుండా తాగతన్నాడు."

నర్సమ్మ లోపలికొచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. వాచీ చూసింది, మళ్ళీ పట్టుకుంది. "కాలు ఎత్తు మావయ్యా" అంది. వాడు పళ్ళు బిగించాడు, కాలు లేవలేదు. మా వాడి మొహంలో భయం నేను చూడడం అప్పుడే. ఎంత చెట్టు మీదైనా గాలికి ఊగుతూ పాటలు పాడినవాడు.

ఆవిడ ఫోను తీసి ఎవరో డాక్టరుతో గబగబా మాట్లాడింది. "నాడి మరీ నెమ్మదిగా ఉంది సార్. కాళ్ళు ఎత్తలేకపోతున్నాడు. కిడ్నీ కేసు సార్. కొబ్బరినీళ్ళు బాగా తాగాడు." అంబులెన్సుకు చెప్పింది. మా వైపు తిరిగి, "బేగి బట్టలు సర్దండి. ఇంకేం తాగించకండి. ఏదీ" అంది.

మా జలంత్రకోట పెద్దమనిషి అప్పటికే ఇంకోటి కొట్టి పట్టుకున్నాడు. "దారికి ఉంటాది తాగనీ నర్సమ్మా. పలాస దాకా ఎల్లాల."

ఆవిడ వాడి చేతిలోంచి బొండాం లాక్కుని గుమ్మంలోంచి వాకిట్లోకి పారబోసింది.

పరామర్శకు తెచ్చిన బొండాం నేలపాలు చెయ్యడం మా పక్క ఎవరూ చూసి ఉండరు.

"మాయిల్లు నీ యిల్లనుకున్నావేటి?" అని వాడు లేచాడు. "నా సెల్లెలి మొగుడికి నాను తెచ్చిన నీళ్ళు పారబోత్తావా? ఎవులు నువ్వు?"

"తర్వాత తిట్టు బాబాయ్" అందావిడ. "ఆయన బతికాక తిట్టు. అందరూ కలిసి తిట్టండి."

*

పలాసలో వాడి ఛాతీ మీద తీగలు అంటించారు. మిషను లోంచి కాగితం వచ్చింది. అది చూసి అక్కడి డాక్టరు పరుగెత్తాడు. ఇంజక్షన్లు చేశారు, తర్వాత రక్తం శుభ్రం చేసే మిషను దగ్గరికి తీసుకుపోయారు. ఏ మిషను దగ్గరికి వెళ్ళకుండా కొన్నాళ్ళు నెట్టుకొద్దామనుకున్నామో ఆ మిషను దగ్గరికే.

తర్వాత ఆయన మాకు చెప్పాడు. కొబ్బరినీళ్ళలో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటుంది. మన కూరలో ఉప్పు కాదు, రుచికి తెలియదు. అరటిపండులోనూ ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాడికి ఎక్కువైన ఉప్పు ఉచ్చలో పోతుంది. పాడైనవాడికి పోదు. ఒంట్లోనే పేరుకుంటుంది, ముందు కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతాయి, ఆ తర్వాత గుండె. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నాడు. అంటే మేం ఊరు ఊరంతా వంతులేసుకుని, ప్రేమగా, ఎదురుగా నిలబడి, ఆఖరి గుటక దాకా వాడికి తాగించింది అది.

నర్సమ్మ డ్యూటీ అయ్యాక పలాస వచ్చింది. వరండాలో నిలబడింది. నేను చూశాను, చూసి ఊరుకోలేదు.

"ఎందుకొచ్చినావు? సచ్చినాడో బతికినాడో సూడ్డానికా?"

"ఎలా ఉన్నాడు పెద్దమ్మా?"

"నీ నోటితోనే కదా కొబ్బరినీళ్ళు తాగమన్నావు? కిడ్నీ మనిషని నీకు తెల్దా? బిళ్ళలిచ్చింది నువ్వు కాదా?"

"తెలుసు." తల దించుకోలేదు. "ఎండలకని అందరికీ చెప్పినట్టే చెప్పేశాను. చార్టులో ఉంది చెప్పాను. తప్పే."

"చార్టుకు కిడ్నీలున్నాయా? ఎండ అందరికీ ఒకటే, ఒళ్ళు అందరికీ ఒకటేనా?"

"మరి మీరు? రోజూ అన్ని తాగుతుంటే ఒక్కసారైనా నాకు చెప్పారా?"

"నువ్వు అడిగినావా?"

"కాళ్ళు పడిపోతుంటే బొండాలు కొడుతూ కూర్చున్నారు. కేంద్రం ఎంత దూరం? కబురు పంపలేరా?"

"నువ్వు తాగమన్న మందు తాగతంటే నీకు కబురెందుకు?"

అటూ ఇటూ అరుచుకున్నాం. వార్డు ఆయా వచ్చి కసిరింది. ఎవరూ గెలవలేదు. ఆవిడ బెంచీ మీద నా పక్కనే కూర్చుంది, నేను జరిగాను. జరిగింది చోటివ్వడానికి కాదు, ఒళ్ళు తగలకూడదని. అయినా చోటు దొరికింది, కూర్చుంది. మా వాణ్ణి మిషను గది లోంచి బయటికి తెచ్చే దాకా కూర్చుంది.

*

కొత్తగా వచ్చే పిల్లలారా, ఇక మీ సంగతి. మీరు చదువుకునే వస్తారు. గుండె ఎలా కొట్టుకుంటుందో, రక్తం ఎటు పోతుందో మీకు తెలుసు, నాకు తెలియదు. నాకు తెలిసింది మా పెరడు.

"మందులేమైనా వాడతన్నారా" అని మీరు అడుగుతారు. మేం లేదంటాం. అబద్ధం కాదు. ఒళ్ళునొప్పుల బిళ్ళ మాకు మందు కాదు, టీతో పాటు వేసుకునేది. కార్ఖానాలో నాతో పిక్కలు కొట్టిన ఆడవాళ్ళు రోజూ అదేసుకునే పనిలోకి దిగేవారు. ఆ బిళ్ళలు కిడ్నీకి ఎంత చేటో మాకు ఎవరూ చెప్పలేదు. నొప్పికి ఏం వేసుకుంటావు, ఏ దుకాణంలో తెచ్చుకుంటావు, చూపించు, అని అడగండి. అప్పుడు కొంగు ముడిలోంచి తీసి చూపిస్తాం.

"ఏం తింటున్నారు" అని అడుగుతారు. అన్నమే అంటాం. "ఏం తాగుతున్నారు" అని అడగరు. అడిగితే మగవాళ్ళు సారా సంగతనుకుని కోపం తెచ్చుకుంటారని మీకు భయం. తెచ్చుకోనీయండి. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోట్లో పోసుకున్నదంతా చెప్పమనండి. చెప్పకపోతే పెరటి దారిన రండి. ముందు గుమ్మంలో మేం ముగ్గు వేసి పెడతాం, కుర్చీ తుడిచి పెడతాం. పెరట్లో అబద్ధమాడలేం.

నీరసమంటే అన్నీ ఒక నీరసం కావు. తిండిలేని నీరసం వేరు, రక్తం లేని నీరసం వేరు, మా వాడిది వేరు. "నీరసంగా ఉంది" అని ఒక కిడ్నీ మనిషి అంటే, గ్లూకోజు పొట్లం చేతిలో పెట్టి పంపకండి. కాలు ఎత్తమనండి. నాడి పట్టుకోండి. మా నర్సమ్మ పట్టుకున్నంతసేపు పట్టుకోండి.

ఆ చార్టు ఇప్పటికీ గోడకే ఉంది. తీసెయ్యమన్నాను. "తీయకూడదు పెద్దమ్మా, ఎండ దెబ్బ తగిలేవాళ్ళకు అది కావాలి కదా" అంది. దాని కింద ఒక కాగితం అంటించి, "కిడ్నీ ఉన్నవాళ్ళు అడిగి తాగాలి" అని రాసింది. మా పక్క అందరూ అలాగే అంటారు, కిడ్నీ ఉన్నవాళ్ళని, జబ్బు పేరు చెప్పడం ఇష్టంలేక.

నేను చదివి, "కిడ్నీ నీకు లేదేటి?" అన్నాను. "పాడైనోళ్ళు అని రాయి. అడిగి తాగాలేటి? తాగకూడదని రాయి."

"నువ్వే రాయి" అని స్కెచ్చు పెన్ను నా చేతిలో పెట్టింది. రాశాను. అక్షరాలు వంకర. అర్థం వంకర లేదు.

*

మా వాడు ఇంటికొచ్చాడు. కాళ్ళు వచ్చాయి. మిషనుకు మాత్రం వెళ్తూనే ఉన్నాడు, ఇక వెళ్తూనే ఉంటాడు. బొండాలు లేకపోయినా ఎప్పటికో అప్పటికి వెళ్ళాల్సిందేనని డాక్టరు అన్నాడు. అనొచ్చు. ఆ "ఎప్పటికో" మాది. దాన్ని మా చేతులతో మేమే కొట్టేసుకున్నాం, కత్తితో.

నీళ్ళు కూడా కొలిచే తాగాలి వాడు. పొద్దుటే మా మరదలు ఒక సీసాలో పోసి పెడుతుంది, అంతే.

ఇంటికొచ్చాక మళ్ళీ పరామర్శలు మొదలు. నేను గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. మొదట వచ్చింది జలంత్రకోట వాడే. భుజాన గెల.

"ఏటి వదినా, గుమ్మంకాడ కుక్క నాగ కుసున్నావు?"

"కుక్కయితే కరిసి ఒగ్గీసును. నాను ఒగ్గను. గెల ఆటోలో పెట్టీసి రా."

"ఊరికినే చేతులూపుకుంటా ఒత్తే నా సెల్లెలి పరువేటవుతాది? పదిమంది సూత్తన్నారు."

"పరువు కావాలా, సెల్లెలికి మొగుడు కావాలా?"

"ఒక్కటి. నోరు తడుపుకుంటాడు."

"ఒక్కటి ఒక్కటనే కదరా అందరూ తాగించినారు!"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు మా వాణ్ణి చంపాలని తెచ్చాడా? ప్రేమతో తెచ్చాడు. నాకు అదే ఇంకా ఒళ్ళు మండుతుంది. పగతో చేసినవాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు. ప్రేమతో చేసినవాణ్ణి ఏం చెయ్యాలి?

"సరే, కొట్టు" అన్నాను. "నా చేతికియ్యి. నాను తాగుతాను. ఎదురుగా కుసోని సూడు. తాగీసినాక లోపలికెల్లి మాట్లాడు. నీ మర్యాద నీకు దక్కుతాది."

వాడు కొట్టాడు. నేను తాగాను. ఆఖరి గుటక దాకా చూశాడు. అప్పుడు లోపలికి వెళ్ళి "ఎలగుంది బావా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి తేవద్దన్నా తెచ్చినవాళ్ళకు అదే పద్ధతి. నా రక్తం ముందే చూపించాను, నర్సమ్మ సరేనంది. అయినా ఎన్నని తాగను? వీధిలో నవ్వుకుంటున్నారు, తమ్ముడి పేరు చెప్పి అప్ప ఒళ్ళు చేస్తోందని. నవ్వనీయండి. అందుకే చెబుతున్నాను, తేకండి.

మొన్న మా పెరట్లో దింపు పెట్టించాం. మా వాడు ఎక్కలేడు కదా, వేరే మనిషి ఎక్కాడు. మా వాడు మంచం నీడలోకి లాగించుకుని, పైకి చూస్తూ కూర్చున్నాడు. ఆ గెల కాదు, పక్కది, కాలు అటు వెయ్యి అని కిందనుంచి అరుస్తున్నాడు. దింపులో మొదటి బొండాం చెట్టుగలవాడికివ్వడం ఆనవాయితీ. పైనుంచి దిగిన మనిషి అలవాటు చొప్పున కొట్టి మా వాడి చేతికిచ్చేశాడు.

వాడు పట్టుకున్నాడు. నేను లేచాను. వాడు నా వైపు చూశాడు, తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూస్తూ కూర్చున్నాడు. మంచం పక్కన సీసా ఉంది, పొద్దుటి నీళ్ళు అడుగున కాసిన్ని మిగిలాయి.

"ఇదిగో, తాగు" అని నాకే ఇచ్చాడు. "నా ముందరే తాగు. ఎలగుందో సెప్పు."

తాగాను. మంచి ఎండ, లేత నీళ్ళు, గొంతు లోంచి కడుపు దాకా చల్లగా దిగింది.

"ఎలగుంది?"

"సప్పగుంది" అన్నాను.

"అబద్దం" అన్నాడు. "ఆ సెట్టు నాను నాటినాను. నాకు తెల్దేటి?"

డొప్ప తీసుకెళ్ళి పెరటి దడి అవతలికి, నా చెయ్యి ఎంత విసరగలదో అంత దూరం విసిరాను.